మర్మ జ్వరానికీ ఒక పేరుంటుంది



ఐప్పసి, కార్తీక మాసాలు వచ్చాయంటే మన ఒట్టపిడారం, కోవిల్‌పట్టి, విరుదునగరం చుట్టుపక్కల పల్లెల్లో రెండు సంగతులు జంటగా నడుస్తాయి. ఈశాన్యపు వాన పడి కరిసల్ నేల నల్లగా మెరుస్తుంది, మినుము, కంబు చేలల్లో కలుపుతీత మొదలవుతుంది. ఆ వెనకే ఇంటికొకరు దుప్పటి కప్పుకొని పడుకుంటారు. ఎవరిని అడిగినా ఒకటే మాట: "జొరమండీ, ఒళ్లంతా నొప్పులు." మన తమిళ పత్రికలు దీనికి ఒక పేరు కూడా పెట్టాయి, మర్మ కాయ్చల్ అని. అంటే ఏమిటో తెలియని జ్వరం అని అర్థం.

ఈనాటి ప్రసంగంలో నేను మీతో చెప్పదలచుకున్నది ఒక్కటే. జ్వరంలో మర్మం ఏమీ లేదు. ప్రతి జ్వరానికీ ఒక కారణం ఉంది, ఒక పేరు ఉంది. ఆ పేరు తెలిస్తేనే మందు తెలుస్తుంది. ఒక జ్వరానికి పనికివచ్చే మందు ఇంకొక జ్వరానికి పనికిరాదు. కొన్నిసార్లు హాని కూడా చేస్తుంది.

మన ప్రాంతానికి జ్వరాలు కొత్త కాదు. పాంచాలంకురిచ్చి కోట నేలమట్టమై పదేళ్లు కూడా నిండకముందే, 1809 నుంచి 1811 వరకు, కోయంబత్తూరు, మధుర, దిండుగల్లు, తిరునెల్వేలి సీమలను ఒక పెద్ద జ్వరం చుట్టుముట్టింది. మన ఒట్టపిడారం అప్పుడు తిరునెల్వేలి సీమలోనిదే. మద్రాసు ప్రభుత్వం కారణం తెలుసుకోవడానికి వైద్యుల కమిటీని వేసింది. అందులో ఐన్‌స్లీ అనే వైద్యుడు కూడా ఉన్నారు. ఆ నివేదిక 1816లో లండనులో అచ్చయింది. ఆ కాలపు వైద్యులు జ్వరానికి కారణం గాలిలో, నేల తేమలో, బురదలో వెతికారు. వారి తప్పు కాదు. మలేరియా అనే మాటకే ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థం. ఆ మలేరియా క్రిమిని రక్తంలో మొదట చూసినది 1880లో, లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు. దోమ కడుపులో ఆ క్రిమి పెరుగుతుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టినది 1897 ఆగస్టు 20న, మన తెలుగు నేల సికింద్రాబాదులో. అంటే 1809లో మంచం పట్టిన మన పూర్వులకు ఆ జ్వరం నిజంగానే మర్మ జ్వరం. మనకు అలా కాదు. మనకు సూక్ష్మదర్శిని ఉంది, రక్తపరీక్ష ఉంది, మందు ఉంది. ఉండి కూడా వాడుకోకపోతే ఆ తప్పు మనదే అవుతుంది.

ఇప్పుడు నాతోపాటు ఒక వీధిలోకి రండి. ఇది నేను ఊహించి చెబుతున్న వీధి. కానీ మీ ఊళ్లో ఇలాంటి వీధి ఉండే ఉంటుంది.

మొదటి ఇంట్లో పదేళ్ల పిల్లవాడు. సోమవారం బడి నుంచి వస్తూనే ఒళ్లు కాలిపోయింది. నుదురు, కంటి గుడ్ల వెనక నొప్పి. నాలుగో రోజున జ్వరం దిగిపోయింది. తల్లి "మారియమ్మ చల్లగా చూసింది" అని ఊపిరి పీల్చుకున్నది. కానీ పిల్లవాడు ఆడుకోవడానికి లేవడం లేదు. కడుపునొప్పి అంటున్నాడు, రెండుమూడుసార్లు వాంతి చేసుకున్నాడు.

రెండో ఇంట్లో ఒక పెద్దమ్మ. రోజూ సీమ కరువేల పొదల్లోకి వెళ్లి పుల్లలు ఏరి తెస్తుంది. ఎనిమిది రోజులుగా జ్వరం, తల పగిలిపోయే నొప్పి, పొడి దగ్గు. రెండు చోట్ల సూదులు వేయించుకున్నది, తగ్గలేదు.

మూడో ఇంట్లో నడివయసు మనిషి. వానకు ఊళ్లోకి నీళ్లు వచ్చినప్పుడు మోకాటిలోతు నీళ్లలో నిలబడి కాలువ పూడిక తీశాడు. పది రోజుల తరవాత జ్వరం. పిక్కలు పట్టుకుంటే అరుస్తున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ పుసి లేదు.

నాలుగో ఇంట్లో ఒక కుర్రవాడు. పనికోసం ఉత్తరాది రాష్ట్రానికి వెళ్లి పదిహేను రోజుల కిందట తిరిగి వచ్చాడు. దుప్పట్లు మూడు కప్పినా వణుకు, ఆ వెనక మంట లాంటి జ్వరం, ఆ వెనక చెమట. మర్నాడు బాగానే ఉంటాడు. ఆ మర్నాడు మళ్లీ వణుకు.

అయిదో ఇంట్లో అగ్గిపెట్టెల కంపెనీకి వెళ్లే అమ్మాయి. జ్వరం రోజురోజుకు కొంచెం కొంచెంగా పెరిగింది. వారం దాటినా దిగలేదు. నాలుక మీద తెల్లని పూత, ఆకలి లేదు, కడుపు బరువు.

అయిదిళ్లలోనూ జ్వరమే. అయిదుగురూ ఒకే దుకాణానికి వెళ్లి ఒకే రకం మాత్రలు తెచ్చుకున్నారనుకోండి. ఒకరికో ఇద్దరికో తగ్గవచ్చు. మిగిలినవారి సంగతి?

మొదటి ఇంటి పిల్లవాడికి వచ్చినది డెంగ్యూ లాగా ఉంది. ఈ ప్రసంగంలో మీరు ఒక్క మాటే గుర్తుంచుకుంటారంటే, ఈ మాట గుర్తుంచుకోండి: డెంగ్యూలో జ్వరం దిగిన రోజే అసలు జాగ్రత్త పడవలసిన రోజు. సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం తగ్గుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే కొందరిలో సన్నని రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరిపోతుంది. రక్తం చిక్కబడుతుంది, నాడి బలహీనపడుతుంది, కాళ్లు చేతులు చల్లబడతాయి. చల్లబడిన చేయి చూసి తల్లి జ్వరం తగ్గిందని సంతోషిస్తుంది. ఆ ఒకటి రెండు రోజులే ప్రాణానికి గండం. అవి దాటితే పిల్లవాడు త్వరగా కోలుకుంటాడు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గాని ముక్కు నుంచి గాని రక్తం, నల్లని విరేచనం, మత్తుగా పడి ఉండటం, మూత్రం తగ్గిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి.

2012లో తమిళనాడులో 12,826 మందికి డెంగ్యూ వచ్చినట్టు, 66 మంది చనిపోయినట్టు లెక్కలకెక్కింది. మన పక్క తిరునెల్వేలి జిల్లా ఆ ఏడు బాగా దెబ్బతిన్నది. డెంగ్యూ క్రిమిలో నాలుగు రకాలున్నాయి. ఒకసారి వచ్చి తగ్గినవారికి ఇంకొక రకంతో మళ్లీ రావచ్చు. రెండోసారి వచ్చినది ఇంకా తీవ్రంగా ఉండే అవకాశం ఎక్కువ. "మాకు ఒకసారి వచ్చి పోయింది" అని ధీమాగా ఉండకూడదు.

దీనికి అక్కచెల్లెలు లాంటిది చికున్‌గున్యా. అదే దోమ మోస్తుంది. 2006లో ఇది మన వీధుల్లోకి వచ్చినప్పుడు అవ్వలు, తాతలు కర్ర పట్టుకొని వంగి వంగి నడిచిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆఫ్రికాలోని మకొండే భాషలో ఆ పేరుకు ఒంగిపోవడమనే అర్థం. ప్రాణభయం తక్కువ, కీళ్ల బాధ ఎక్కువ. మణికట్టు, చీలమండ, వేళ్ల కీళ్లు వాచి నెలల తరబడి వేధిస్తాయి.

రెండో ఇంటి పెద్దమ్మ సంగతికి వద్దాం. ఆవిడకు ఎవరూ చేయని పరీక్ష ఒకటి ఉంది. దానికి సూది అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. కూతురో కోడలో ఆవిడను లోపలి గదిలోకి తీసుకువెళ్లి చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద, నడుముకు చీర కట్టుకునే చోట, చెవి వెనక చూడాలి. బీడీ నిప్పు అంటుకున్నట్టు ఒక నల్లని చెక్కు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ అని గట్టిగా అనుమానించవచ్చు. తమిళంలో ఉణ్ణి కాయ్చల్ అంటారు. పొదల్లో, గడ్డిలో ఉండే, కంటికి ఆనని చిన్న పురుగు పిల్ల కుట్టిన చోటు అది. నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే రోగికే తెలియదు. సిగ్గుపడి చూపించరు, వైద్యుడు అడగడు. అందరికీ ఈ చెక్కు ఉండదు. లేనంత మాత్రాన ఆ జ్వరం కాదని కూడా అనుకోకూడదు.

ఈ జ్వరంలో ఒక విచిత్రం ఉంది. ఖరీదైన ఇంజెక్షన్లు ఎన్ని వేసినా కొన్ని రకాలు దీనిమీద పనిచేయవు. డాక్సీసైక్లిన్ అనే చౌక మాత్ర పనిచేస్తుంది. వేళకు మొదలుపెడితే చాలామందికి రెండు రోజుల్లోనే జ్వరం దిగిపోతుంది. గర్భిణీలకు వైద్యులు అజిత్రోమైసిన్ ఇస్తారు. ఆలస్యమైతే మాత్రం ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి. కొన్ని రూపాయల మాత్రతో పోయే జబ్బుకు మనిషి పోవడం కంటే విచారం ఇంకేముంటుంది? మేకలు కాసేవారు, బొగ్గు కోసం కరువేలం కొట్టేవారు, కలుపు తీసేవారు ఈ జ్వరాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. పొదల్లో పని చేసి వచ్చాక ఒళ్లు రుద్దుకొని స్నానం చేయండి. కట్టుకున్న బట్టలు విడిచి ఉతకండి. విప్పిన బట్టలు గడ్డిమీద పరచకండి.

మూడో ఇంటి మనిషికి వచ్చినది ఎలుకల జ్వరం కావచ్చు, తమిళంలో ఎలి కాయ్చల్. వైద్యులు లెప్టోస్పైరోసిస్ అంటారు. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీరు, కాలి పగుళ్లలోంచి, గీరుకున్న గాయాల్లోంచి ఒంట్లోకి పోతుంది. పిక్కల నొప్పి, కంటి ఎరుపు దీని ఆనవాళ్లు. ఆ తరవాత కళ్లు పచ్చబడటం, మూత్రం తగ్గడం మొదలైతే ప్రమాదం. పచ్చబడిన కళ్లు చూసి కామెర్లని చెప్పి ఆకుపసరు పోయించుకుంటూ రోజులు గడపకండి. 2023 డిసెంబరు 17, 18 తేదీల్లో మన తూత్తుకుడి జిల్లా నీట మునిగిన సంగతి మరచిపోలేదు కదా? కాయల్‌పట్టణంలో ఒక్క రోజులో దాదాపు 95 సెంటీమీటర్ల వాన కురిసింది. అలాంటి వరద తరవాత ఒకటి రెండు వారాలకు వచ్చే జ్వరాన్ని తేలికగా తీసుకోకూడదు. నీళ్లలో దిగినవారు ఆ మాట వైద్యుడికి తప్పక చెప్పాలి.

నాలుగో ఇంటి కుర్రవాడికి మలేరియా పరీక్ష చేయాలి. తమిళనాడులో మలేరియా ఇప్పుడు బాగా తగ్గింది. తగ్గింది కాబట్టే మరచిపోతున్నాం. అతను ఎక్కడికి వెళ్లి వచ్చాడో అడిగితే సగం సమాధానం దొరుకుతుంది. రోజు విడిచి రోజు వచ్చే వణుకు పుస్తకంలోని లక్షణం. మొదటి రోజుల్లో ఆ క్రమం కనిపించకపోవచ్చు. వేలిమీద చిన్న సూదిపోటు, గాజుపలక మీద ఒక రక్తపు చుక్క, అంతే పరీక్ష. ఒకసారి దొరకకపోతే జ్వరం ఉండగా మళ్లీ చేయించాలి. వైవాక్స్ రకమైతే పద్నాలుగు రోజుల మాత్రలు ఇస్తారు. నాలుగో రోజుకు ఒళ్లు తేలికపడిందని మానేస్తే, కాలేయంలో దాగిన క్రిమి కొన్ని వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది.

అయిదో ఇంటి అమ్మాయిది టైఫాయిడ్ కావచ్చు. కలుషితమైన నీరు, తిండి దీనికి దారి. ఇక్కడ ఒక హెచ్చరిక. వైడాల్ అనే పరీక్ష ఒక్కసారి చేసి "టైఫాయిడ్ ఉంది" అని చీటీ రాసి ఇస్తారు. ఆ పరీక్ష ఇతర జ్వరాలలో కూడా ఉన్నట్టు చూపవచ్చు. మన పెద్దమ్మ లాంటివారికి ఆ చీటీ వల్లే అసలు జబ్బు మరుగున పడుతుంది. మొదటి వారంలో, మందులు మొదలుపెట్టక ముందు చేసే బ్లడ్ కల్చర్ పరీక్ష నమ్మదగినది.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. "ఇన్ని గుర్తులు చెప్పారు, ఇంట్లోనే తేల్చుకోవచ్చా?" అని. తేల్చుకోలేరు. నేను కూడా మంచం పక్కన నిలబడి చూసి తేల్చలేను. ఈ జ్వరాలు మొదటి మూడు రోజులు కవల పిల్లల లాగా ఉంటాయి. ఒకే మనిషికి రెండు జ్వరాలు కలిసి కూడా రావచ్చు. ఫ్లూ, కోవిడ్ కూడా ఇలాగే మొదలవుతాయి, గొంతునొప్పి, దగ్గు వాటిలో ముందుకు వస్తాయి. మరి మీరు చేయగలిగినది ఏమిటి? వైద్యుడికి సరైన కబురు చెప్పడం.

ఒక కాగితం తీసుకోండి. జ్వరం ఏ రోజు, ఏ పూట మొదలైందో రాయండి. గత మూడు వారాల్లో ఎక్కడికి వెళ్లారో రాయండి. పొదల్లోనో, చేలోనో, మురుగునీటిలోనో పని చేశారా అన్నది రాయండి. ఒంటి మీద మచ్చ, చెక్కు ఉందా అని చూసి రాయండి. ఇప్పటికి వేసుకున్న మాత్రల అట్టలు జేబులో పెట్టుకొని వెళ్లండి. ఈ కాగితం కొన్నిసార్లు పరీక్షకంటే ఎక్కువ చెబుతుంది.

రోజుల లెక్క ఎందుకంటే, పరీక్షకు కూడా వేళ ఉంది. డెంగ్యూకు ఎన్‌ఎస్1 అనే పరీక్ష మొదటి అయిదు రోజుల్లో పనికివస్తుంది. ఆ తరవాత ఐజీఎం పరీక్ష చేయాలి. స్క్రబ్ టైఫస్ రక్తపరీక్ష మొదటి రోజుల్లో ఏమీ చూపకపోవచ్చు. అందుచేత రెండో రోజున "ఏమీ లేదు" అని వచ్చిన కాగితం ఏడో రోజుకు చెల్లదు. జ్వరం నిలిచి ఉంటే మళ్లీ వెళ్లాలి.

వైద్యుడిని చూసేలోగా ఇంట్లో ఏం చేయవచ్చు? జ్వరానికి వయసుకు, బరువుకు తగిన పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, సూదులు వద్దు. అది డెంగ్యూ అయితే రక్తస్రావాన్ని పెంచుతాయి. గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఓఆర్ఎస్ పొడి కలిపిన నీళ్లు కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి. "ఒక బాటిల్ గ్లూకోజు ఎక్కించండి" అని మీరే అడగకండి. నోటితో తాగగలిగినవాడికి గంజే మేలు. డెంగ్యూలో అవసరానికి మించి ఎక్కించిన నీరు కూడా ఊపిరితిత్తులకు చేటు తెస్తుంది. ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే చూసి హడలిపోకండి. నాడి, రక్తపు ఒత్తిడి, మూత్రం, రక్తపు చిక్కదనం, అన్నీ కలిపి వైద్యుడు నిర్ణయిస్తాడు.

నిలవేంబు కషాయం, బొప్పాయి ఆకు రసం సంగతి తప్పక అడుగుతారు. తాగేవారితో నాకు తగవు లేదు. కానీ కషాయం రక్తపరీక్షకు బదులు కాదు. అది తాగుతూ నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటే, పోయేది ఆ నాలుగు రోజులే కాదు.

చివరగా దోమ మాట. ఈ కరువు సీమలో ఎవరైనా వచ్చి "నిలవ నీళ్లు పారబోయండి" అంటే మీకు కోపం రావడం న్యాయమే. బిందె నీటి విలువ మనకంటే తెలిసినవారెవరు? తామ్రపర్ణి నీళ్లు ఎంతో దూరం నుంచి గొట్టంలో రావాలి. వచ్చిన రోజు డ్రములు, తొట్లు నింపుకోకపోతే పూట గడవదు. కానీ డెంగ్యూ దోమ కూడా ఆ డ్రమునే కోరుకుంటుంది. దానికి మురుగు అక్కరలేదు, మంచినీళ్లే కావాలి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి నీళ్లు పారబోయనక్కరలేదు, మూత పెట్టండి. మూత లేకపోతే పాత పంచె చుట్టి తాడుతో బిగించండి. వారానికి ఒకసారి, కొత్త నీళ్లు పట్టే ముందు, అడుగున మిగిలినవి గుడ్డతో వడగట్టి వాడుకొని, డ్రము లోపలి గోడను కొబ్బరి పీచుతో రుద్దండి. గుడ్లు గోడకే అంటుకొని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి చావవు. ఊరికే కడిగితే పోవు, రుద్దితేనే పోతాయి. ఈ దోమ పగలు కుడుతుంది. పగలు నిద్రపోయే పసిబిడ్డకు పగలే దోమతెర కట్టాలి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవడానికి డబ్బు అక్కరలేదు. కోవిల్‌పట్టిలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. తూత్తుకుడి, తిరునెల్వేలిలో వైద్య కళాశాల ఆసుపత్రులున్నాయి. విరుదునగరంలో 2022లో కొత్త వైద్య కళాశాల వచ్చింది. ప్రమాద లక్షణం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. రెండు రోజులు దాటిన ఏ జ్వరమైనా వైద్యుడు చూడవలసిందే. పసిపిల్లలకు, గర్భిణీలకు, ముసలివారికి ఆ రెండు రోజులు కూడా ఆగవద్దు.

శ్రోతలారా, 1809లో ఈ నేలమీద జ్వరంతో పోయినవారికి తమను తీసుకుపోతున్నది ఏమిటో తెలియలేదు. వారి మంచం పక్కన కూర్చున్నవారికి గాలిని, గ్రహాన్ని నిందించడం తప్ప దారి లేదు. ఇవాళ మీ వీధిలో పిల్లవాడి చేయి చల్లబడితే, పెద్దమ్మ చంకలో నల్లని చెక్కు కనిపిస్తే, మీకు దారి ఉంది. ఈ రాత్రి పడుకోబోయే ముందు ఇంట్లో జ్వరంతో ఉన్నవారిని ఒక్క మాట అడగండి: "నీకు ఇది ఎన్నో రోజు?" ఆ లెక్కతోనే వైద్యం మొదలవుతుంది.